గోడకు చెవి ఆనించిన పిల్ల

చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడే మనిషి ఆమె. లిఫ్టు ఎక్కదు. కుక్కర్ కూత వేయబోతోందని అనిపిస్తే చాలు, ముందే వంటింట్లోంచి బయటికి వచ్చేస్తుంది. ఫోను మోగితే ముందు గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ తర్వాతే ఫోను మీద వేస్తుంది. అలాంటి మనిషికి ఊరి గ్రంథాలయంలో పిల్లల విభాగం అప్పగించారు. పిల్లలేమో రావడం రావడమే, "ఆంటీ, దెయ్యాల పుస్తకం ఉందా?" అని అడిగేవారు.

అడిగేది మరీ చిన్నపిల్లలు కాదు. బొమ్మల పుస్తకాలంటే చిన్నతనం అనుకునేవాళ్ళు, అలాగని పెద్దల నవలలు కొరుకుడు పడనివాళ్ళు, పదీ పదకొండేళ్ళవాళ్ళు. ఆ వయసుకు పుస్తకం ఎంచిపెట్టడమంత తలనొప్పి మరొకటి లేదని ఆమె అనుభవం. నీతి వాసన వాళ్ళు గుమ్మం అవతలి నుంచే పసిగడతారు. "ఇది మంచి పుస్తకం" అని ఒక్కమాట నోరు జారితే ఇక దాన్ని ముట్టరు. అందుకని ఏ పుస్తకమైనా తను ముందు చదివి, కాఫీ చల్లారిపోయేదాకా పేజీలు తిప్పుతూనే ఉండిపోతే గానీ అరలో పెట్టేది కాదు. భయం పుస్తకాలకూ అదే పరీక్ష. పట్టపగలు, వీధి తలుపు బార్లా తెరిచి, పక్కన రేడియో పెట్టుకుని చదివేది. చదివాక ఆ పూట తిండి సహించేది కాదు. అయినా, "బాగుంది, పిల్లలు విడిచిపెట్టరు" అని తీర్పు చెప్పేది. అట్ట మూయగానే ఆగిపోయే భయం పిల్లలకు ఆటతో సమానమని ఆమెకు తెలుసు. తనకే, అట్ట మూశాక కూడా ఆగేది కాదు.

ఆమె పిరికితనం గ్రంథాలయంలో అందరికీ నవ్వులాట. ఒకసారి గ్యాస్ వాసన వస్తోందని గగ్గోలు పెట్టి, వానలో పాఠకులందరినీ వీధిలోకి పంపేసింది. తీరా చూస్తే కింద గదిలో నేలకు కొత్త పాలిష్ వేస్తున్నారు. తడిసిన పెద్దమనుషులు ఏడాది పాటు ఆమె కనబడితే చాలు, ముక్కు ఎగబీల్చి, "ఏమండోయ్, ఇవాళ ఏ వాసనా?" అని అడిగేవారు. అప్పటి నుంచి ఆమె ఏదైనా భయం కలిగితే గుటక మింగి ఊరుకోవడం నేర్చుకుంది.

ఆమె దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక సన్నటి పిల్ల ఉండేది. మందుల షాపాయన కూతురు. తల్లి లేదు, ఇంట్లో నానమ్మ ఉంది. ఏది చెప్పినా "ఎందుకు?" అనడం అలవాటు కాబట్టి లైబ్రేరియన్ ఆ పిల్లకు ప్రశ్నలపుట్ట అని పేరు పెట్టుకుంది. మొదట్లో ప్రశ్నలపుట్ట పుస్తకాలు తీసుకునేది, మరునాడే తిరిగి ఇచ్చేసేది.

"నచ్చలేదా?"

"అందులో అమ్మాయి ఎప్పుడూ మంచిదే, ఆంటీ. బోరు."

నదుల మీద పుస్తకం ఇస్తే బడిలా ఉందంది. జంతువుల కథలిస్తే, జంతువులు మాట్లాడేటప్పుడు మనుషులకెందుకు వినబడదని అడిగింది. చివరికి లైబ్రేరియన్ విసిగి, "పోనీ, నీకేం కావాలో నువ్వే చెప్పవే తల్లీ" అంది.

"భయం వేసేది కావాలి. నిజంగా వెయ్యాలి. మధ్యలో మోసం చెయ్యకూడదు."

లైబ్రేరియన్ బాగా ఆలోచించి 'గోడ వెనక అద్దెదారు' అనే పుస్తకం తీసి ఇచ్చింది. అందులో ఒక అమ్మాయి కొత్త ఇంట్లో గోడకు చెవి ఆనిస్తే లోపల ఎవరో గొణుగుతున్నట్టు వినబడుతుంది. అది చదివిన రోజుల్లో లైబ్రేరియన్ తన మంచాన్ని గది నడిమధ్యకు జరుపుకుని పడుకుంది. ప్రశ్నలపుట్ట మాత్రం ఆ పుస్తకాన్ని తిరిగి ఇవ్వలేదు. గడువు పొడిగించమని అడిగింది. రెండోసారి చదువుతున్నానని చెప్పింది. ఆ రోజంతా లైబ్రేరియన్ ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక సాయంత్రం మందుల షాపాయన స్వయంగా వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. అరిచే మనిషి కాదు. మెల్లగా మాట్లాడాడు. అరిచినా ఆమెకు అంత దడ పుట్టేది కాదేమో.

"మా పాప నిద్రపోవట్లేదండీ. గోడకి చెవి పెట్టి కూచుంటోంది. ఏమిటే అంటే, గోడ నములుతోంది నాన్నా అంటుంది. గోడలకి చెవులుంటాయని విన్నాం గానీ, పళ్ళుంటాయని మీ పుస్తకం వల్లే తెలిసింది."

లైబ్రేరియన్ చేతిలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసింది.

"ఆ పుస్తకం నేను లాక్కుని దాచేశాను. అయినా మానలేదు. మా అమ్మ కూడా బెదిరిపోతోంది. చిన్నపిల్లలకి ఇలాంటివి ఎవరిస్తారండీ? మీ పైవాళ్ళకి చెప్పి, ఈ అరలన్నీ ఖాళీ చేయిస్తాను. దానికంటే ముందు మీరో పని చెయ్యండి. రేపు సెలవేగా. మా ఇంటికొచ్చి, అదంతా అబద్ధమని మీ నోటితో పాపకి చెప్పండి. నేను చెబితే వినట్లేదు. మీరంటే దానికి గురి."

"వస్తానండీ," అంది ఆమె.

ఇంటికి వెళ్ళాక కూడా ఆమెకు అదే ఆలోచన. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒక పక్క ఉంది గానీ, అది చిన్నది. పెద్ద భయం వేరు. తన భయాలన్నీ తనలోనే ఉన్నాయనుకుంది ఇన్నాళ్ళూ. అవి తన చేతి మీదుగా ఒక పసిదాని పక్కలోకి వెళ్ళి పడుకున్నాయా? జలుబు అంటించినట్టు పిరికితనం అంటించానా?

మరునాడు పొద్దున, గ్రంథాలయం నుంచి ముందురోజే తెచ్చుకున్న మరో ప్రతిని తిరగేసింది, తప్పు ఎక్కడ జరిగిందో చూద్దామని. చదువుతూ చదువుతూ చివరికి వచ్చేసరికి ఈసారి నవ్వొచ్చింది. గోడ వెనక ఉన్నది దెయ్యం కాదు, మనుషులంటే హడలిపోయే ఒక ముసలి దొంగ. వాడు దొంగిలించేది చెంచాలే. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆ ఇంటి పిల్ల పడే తంటాలు చదివి నవ్వని వాళ్ళుండరు. పుస్తకం మూసి ఆమె అలాగే కూర్చుండిపోయింది. ప్రశ్నలపుట్ట దీన్ని రెండుసార్లు చదివింది. తనలాంటివాళ్ళు తప్ప, చివరిదాకా చదివినవాళ్ళు గోడకు భయపడరు. గోడ చూస్తే నవ్వుతారు. మరి ఆ పిల్ల దేనికి భయపడుతోంది?

ఆ ప్రశ్న వెంటబెట్టుకునే ఆమె బయలుదేరింది.

వాళ్ళు ఉండేది మూడంతస్తుల పాత భవనంలో, పై అంతస్తు. భవనానికి ఆనుకుని కొత్త కట్టడం కోసం పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. వరసగా కురిసిన వానలకు గోతి అడుగున ఎర్రటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. పొక్లెయిన్ ఒకటి తల వాల్చుకుని ఒడ్డున నిలబడి ఉంది. సెలవు కాబట్టి పనివాళ్ళెవరూ లేరు. నీళ్ళు తోడే మోటారు ఒక్కటే గుడగుడమంటోంది. గోతి అంచు నుంచి మట్టిబెడ్డ ఒకటి జారి నీళ్ళలో పడిన చప్పుడుకు ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత తనను తాను తిట్టుకుని మెట్లెక్కింది.

మందుల షాపాయన లోపలి నుంచి తలుపు తీయబోతే అది రాలేదు. భుజంతో నెట్టి, లాగి, చివరికి ఒక్క కుదుపుతో తెరిచాడు.

"వానకి చెక్క ఉబ్బింది," అన్నాడు.

నానమ్మ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళకు పట్టీలు. "రా అమ్మా. నువ్వేనా పుస్తకాలావిడవి? దాని చెవిలో ఏం ఊదావో గానీ, ఇల్లు ఇల్లులా లేదు," అంది. కోపంగా కాదు, అలసటగా.

పిల్ల చివరి గదిలో ఉంది. గోతి వైపు గది అది. లైబ్రేరియన్ లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. దారంతా వల్లె వేసుకున్న మాటలు గుర్తు చేసుకుని, "చూడు తల్లీ, కథలో ఉండేవన్నీ..." అని మొదలుపెట్టింది.

"ఆంటీ, పుస్తకం భయం వెయ్యలేదు," అని పిల్ల అడ్డు తగిలింది. "నవ్వొచ్చింది. చెంచాల దొంగ బలే ఉన్నాడు. గోడ సంగతి వేరు."

"వేరంటే?"

"ముందు ఆటకే పెట్టాను చెవి, అందులో అమ్మాయిలాగ. ఏం వినబడలేదు. చాలా రోజులు ఏమీ లేదు. వానలు మొదలయ్యాక వినబడింది. ఎవరో మాట్లాడినట్టు కాదు. బిస్కెట్టు నమిలినట్టు. నాన్నకి చెప్తే పుస్తకం లాక్కున్నాడు. మీరైనా వినండి, ఆంటీ. ఒక్కసారి."

లైబ్రేరియన్ ఆ గోడ వైపు చూసింది. లేత పచ్చరంగు వేసిన మామూలు గోడ. ఆమెకు ఆ గోడను తాకాలని లేదు. పిల్ల మాత్రం లేచి, బట్టల బీరువా పక్కనున్న సందులోకి వేలు చూపించింది. అక్కడ కిటికీ మూల నుంచి కిందికి వంకరగా ఒక బీట. బీట మీద అడ్డంగా రంగురంగుల స్టిక్కర్లు.

"ఇవి నేనే అంటించాను. గోడ కదిలితే చిరుగుతాయి కదా అని. ఇది మొన్న చిరిగింది. ఇది నిన్న. ఈ చేపబొమ్మది పొద్దున్నే అంటించాను."

చేపబొమ్మ తల ఒక వైపు, తోక ఒక వైపు ఉంది. మధ్యలో సందు, వేలి గోరు దూరేంత.

లైబ్రేరియన్ గోడకు చెవి ఆనించింది. గోడ చల్లగా, చెమ్మగా ఉంది. ముందు తన గుండె చప్పుడే వినబడింది. ఆ తర్వాత లోపలెక్కడో, దూరంగా, టిక్ మంది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్. దాని వెంటే ఇసుక జారిన చప్పుడు, సన్నగా, గోడ పొడుగునా కిందికి. ఆమె అరికాళ్ళు చల్లబడ్డాయి. పారిపో, పారిపో అంది ఒంట్లోని ప్రతి నరమూ. కానీ అవే నరాలు ఫోను మోగినా అదే మాట అనేవి. లిఫ్టు చూసినా అదే. నేల పాలిష్ వాసనకూ అదే. ఇన్నేళ్ళ తన భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు. ఇదొక్కటే నిజమని ఎలా నమ్మడం? ఎవరినైనా ఎలా నమ్మించడం?

ఆమె పిల్ల ముఖం చూసింది. పిల్ల ఏడవడం లేదు. ఎవరైనా ఒక పెద్దమనిషి అవునో కాదో చెబితే చాలన్నట్టు చూస్తోంది.

"అవును, వినబడుతోంది," అంది లైబ్రేరియన్. "పద."

ముందుగదిలోకి వచ్చి, "అందరం కిందికి వెళ్దామండీ. ఇప్పుడే," అంది.

మందుల షాపాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మిమ్మల్ని పిలిచింది దేనికి, మీరు చేస్తున్నదేమిటి? పిల్లకి ధైర్యం చెప్పమంటే మీరూ దానితో కలిశారా?"

"గోడలో చప్పుడుందండీ. బీట పెరుగుతోంది."

"పాత ఇల్లు. బీటలుండవా? ఓనర్‌కి చెప్పాం, వానలు తగ్గాక సిమెంటు పెట్టిస్తానన్నాడు. ఆ గ్యాస్ సంగతి మా షాపులో కూడా చెప్పుకున్నారు లెండి. మీకు భయం వేస్తే మీరు వెళ్ళండి."

మరో రోజైతే ఆమె వెళ్ళిపోయేదే. తల వంచుకుని, మెట్లు దిగి, ఇల్లు చేరి తలుపు గడియ పెట్టుకునేది. కానీ పిల్ల చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఆ చెయ్యి చెమట పట్టి ఉంది.

"నాకు భయమేనండీ," అంది ఆమె. "నాకు అన్నీ భయమే. పుస్తకం మీరు చదవకుండానే తీర్పు చెప్పేశారు. పోనివ్వండి, అది పుస్తకం. గోడ మీద కూడా వినకుండానే చెప్తారా? ఒక్కసారి చెవి పెట్టి, ఏమీ లేదని చెప్పండి. ఇంకెప్పుడూ మీ పాపకి కథల పుస్తకం ఇవ్వను. మీరు చెప్పినట్టే అరలన్నీ ఖాళీ చేస్తాను."

"వెళ్ళి వినరా," అంది నానమ్మ కుర్చీలోంచి. "వింటే నీ సొమ్మేం పోయింది?"

ఆయన విసుక్కుంటూ గదిలోకి వెళ్ళాడు. ముగ్గురూ ముందుగదిలో ఎదురుచూశారు. ఆయన తిరిగి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు చుక్క లేదు. జుట్టు మీద సున్నం పొడి రాలి ఉంది.

"అమ్మా, లే," అన్నాడు.

నానమ్మను వీపున ఎక్కించుకున్నాడు. లైబ్రేరియన్ వెళ్ళి వీధి తలుపు లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. తలుపు పై మూల చట్రంలోకి కొరుక్కుపోయి ఉంది. అప్పుడు అర్థమైంది ఆయనకు, చెక్క ఉబ్బడం కాదది, గోడ వాలి చట్రమే వంకరపోయిందని. తల్లిని కిందికి దించి, ఇద్దరూ కలిసి పిడిని పట్టుకుని వెనక్కి వాలారు. తలుపు కిర్రుమంది, ఆగింది. చివరి గదిలో ఏదో దబ్బున పడింది. పిల్ల మొదటిసారి "నాన్నా" అని ఏడుపు గొంతుతో పిలిచింది. ఆయన ఒక కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. పిడి ఊడి చేతికొచ్చింది గానీ, తలుపు కూడా మనిషి పట్టేంత తెరుచుకుంది. ఆయన తల్లిని మళ్ళీ వీపున ఎక్కించుకున్నాడు.

మెట్ల మీద లైబ్రేరియన్ ప్రతి గుమ్మం ముందూ ఆగి తలుపు బాదింది. కేక వెయ్యాలని నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పక్క నుంచి పిల్లే అరిచింది. "ఇల్లు పడిపోతోంది, కిందికి రండి" అని. చిన్న గొంతైనా మెట్ల గదిలో ఖంగున మోగింది. ఒకాయన సగం గడ్డం గీసుకుని, నురుగు ముఖంతో వచ్చాడు. ఒకావిడ చంకలో బిడ్డతో వచ్చింది. కింది అంతస్తులోని దర్జీ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఎవరు చెప్పారు? ఇంజనీరు చెప్పాడా?" అని నిలదీశాడు.

"మీ తలుపు సరిగ్గా పడుతోందా, అంకుల్?" అని అడిగింది పిల్ల.

దర్జీ తన తలుపు వైపు చూశాడు. మరో ప్రశ్న వెయ్యకుండా భార్యను పిలిచాడు.

అందరూ వీధికి అవతలి పక్కకు చేరారు. భవనం ఎప్పటిలాగే నిలబడి ఉంది. కిటికీలో ఎవరిదో తువ్వాలు ఊగుతోంది. ఎంతసేపు చూసినా ఏమీ జరగలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పుస్తకాలావిడట, గ్యాసావిడే అట. నురుగు ముఖాయన, గడ్డం ఎండిపోతోంది, పైకెళ్ళి కడుక్కుని వస్తానన్నాడు. లైబ్రేరియన్‌కు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. మరుక్షణమే ఆ మాట అనుకున్నందుకు ఒళ్ళు జలదరించింది. మందుల షాపాయన ఆ నురుగు ముఖాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దండీ. నేను విన్నాను. నా చెవులతో విన్నాను," అన్నాడు.

ఆయనే ఫోను చేస్తే అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చారు. వాళ్ళ అధికారి భవనం చుట్టూ ఒకసారి తిరిగి, గోతిలోకి తొంగి చూసి, మారుమాట లేకుండా వీధికి అడ్డంగా తాడు కట్టించాడు. ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. అది చూసి గుసగుసలు ఆగాయి గానీ, లైబ్రేరియన్ భయం ఆగలేదు. ఇప్పుడిక దాన్ని అబద్ధం అనుకునే ఆసరా కూడా పోయింది.

పొద్దు వాలుతుండగా పడింది. ముందు గోతి అంచు మెత్తగా, పిండిలా లోపలికి జారింది. ఆ వెంటనే భవనం మూల ఒక్కసారి నిట్టూర్చినట్టయి, చివరి గదులు మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటూ గోతిలోకి దిగిపోయాయి. దుమ్ము లేచి వీధి కనబడలేదు. అది అణిగేసరికి పై అంతస్తులో గది ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. లేత పచ్చరంగు గోడ ముక్క ఒకటి చువ్వకు వేలాడుతోంది. నానమ్మ కొడుకు భుజం పట్టుకుని, "అది పడుకునే మంచంరా అక్కడ," అని, అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

లైబ్రేరియన్ ఫుట్‌పాత్ మీద కూలబడింది. పిల్ల వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. ఇద్దరూ వణుకుతూనే ఉన్నారు. ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు.

ఆ పూట ఎవరికీ దెబ్బ తగల్లేదు. గొయ్యి తవ్వించినవాళ్ళ మీద కేసు పెట్టారు, అది నడుస్తోంది. మందుల షాపాయన కుటుంబం వేరే వీధిలో ఒక నేల ఇంట్లో అద్దెకు దిగింది. గ్రంథాలయానికి మాత్రం వాళ్ళింటి నుంచి కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. ఆయన పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడో లేదో కూడా లైబ్రేరియన్‌కు తెలియలేదు. అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం తండ్రీ కూతుళ్ళు వచ్చారు. పిల్ల ఇంకా సన్నబడింది. కళ్ళ కింద నలుపు.

"రాత్రులు లేచి గోడలన్నీ తడుముతోందండీ," అన్నాడు ఆయన. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. "ఇప్పుడు మాత్రం పుస్తకం వల్ల కాదని నాకు తెలుసు. ఏం చెయ్యాలో తెలియట్లేదు. పక్కన కూచుని ఏదైనా చదివి వినిపించమని మా అమ్మ అంటోంది. నేనెప్పుడూ చదవలేదండీ, కథలు. ఏది చదవాలో మీరే చెప్పాలి."

లైబ్రేరియన్ పిల్లను అడిగింది. "ఎలాంటిది కావాలి?"

"భయం వద్దు," అంది పిల్ల మెల్లగా.

"నాక్కూడా వద్దు. నేనూ నిద్రపోవట్లేదు తెలుసా?"

"మీక్కూడానా?"

"నాకు మరీనూ."

ఆమె అరల మధ్య చాలాసేపు వెతికింది. అంత జాగ్రత్తగా ఎప్పుడూ వెతకలేదు. ఇల్లు మారడం ఉన్న పుస్తకం వెనక్కి పెట్టింది. అమ్మ లేని పిల్ల ఉన్నదీ పెట్టేసింది. చివరికి, ఒక ఊరి పోస్ట్‌మాన్‌ను ప్రేమించి రోజూ అతని సంచి ఎక్కి ఊరంతా తిరిగే బాతు కథ తెచ్చింది. అందులో ఎవరికీ ఏ ప్రమాదమూ జరగదు. బాతు తప్పు ఇళ్ళకు ఉత్తరాలు పంచిపెడుతుంది, అంతే.

"ఇక్కడే ఒక పేజీ చదవండి," అని పుస్తకం ఆయన చేతికిచ్చింది. "ఎలా ఉంటుందో చూద్దాం."

ఆయన ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మందు సీసా మీది అక్షరాలు చదివినట్టు, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా చదివాడు. బాతు కోపంగా అరిచిందని ఉన్నచోట, "బాక్. బాక్. బాక్," అని భోజనానికి ముందు, భోజనానికి తర్వాత అన్నంత గంభీరంగా అన్నాడు.

పిల్ల పెదవి బిగించింది. ఆపుకోలేకపోయింది. ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"నాన్నా, బాతు అలా అరవదు."

"మరెలా అరుస్తుంది?"

పిల్ల అరిచి చూపించింది. చదువుకునే గదిలోంచి ఎవరో ఉష్ మన్నారు. లైబ్రేరియన్ అలవాటు కొద్దీ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయన మళ్ళీ మొదటి నుంచి, ఈసారి కొంచెం బాతులాగే, చదవడం మొదలుపెట్టాడు.